తొమ్మిది వందల దగ్గర గుర్రు

కమలాపురం, 2025

ఫిబ్రవరి 9

నెట్ పెట్టించిన దగ్గర్నుంచి ఇంట్లో అందరికీ పండగే. అల్లుడు బెంగళూరు ఆఫీసు పనిని మా మేడమీది గదిలోకి తెచ్చుకున్నాడు. మనవడికి పాఠాల పేరుతో బొమ్మలు. నాకు మాత్రం రేడియోలో కడప స్టేషను పోయింది. పూర్తిగా పోయిందని కాదు. పొలం పనుల గురించి చెప్పే మనిషి గొంతు వెనకాల ఎవరో రంపంతో కట్టె కోస్తున్నట్టు ఒకటే రొద. 900 కిలోహెర్ట్జ్‌లు, 1963లో మొదలైన స్టేషను, మాకు పక్కూరి కిందే లెక్క. దగ్గరున్న కడపకే ఈ గతి పడితే, చీకటి పడినాక అందే విజయవాడ 837, హైదరాబాదు 738 సంగతి అడగనక్కర్లేదు. ముల్లు ఎటు తిప్పినా గుర్రే.

ఫిబ్రవరి 10

"వైఫై తరంగాలు మామా, దాన్నేం చేయలేం" అన్నాడు అల్లుడు. పక్కింటామె ఇంకాస్త ముందుకు పోయి, ఆ తరంగాలకే పిచ్చుకలు కూడా పోయినాయని చెప్పి వెళ్లింది. వీధిలో ఉన్న రెండు వేపచెట్లూ కొట్టించింది వాళ్ల ఆయనే.

వైఫై నడిచేది 2.4 గిగాహెర్ట్జ్‌ల దగ్గర, లేదంటే 5 దగ్గర. కడప స్టేషనుకూ దానికీ మధ్య రెండున్నర వేల రెట్ల పైచిలుకు తేడా. మీడియం వేవ్ ట్రాన్సిస్టరుకు అంత పైమాట వినే చెవి లేదు. మనవణ్ణి కూర్చోబెట్టి సెట్టింగుల్లో వైఫై ఒక్కటి ఆపించినాను. పెట్టెమీద మిగతా దీపాలు వెలుగుతానే ఉన్నాయి. వైఫై లేదు, గుర్రు ఉంది. మేడమీది నుంచి కేక: "ఏం మామా, ఆపేస్తివే? మీటింగులో ఉండా!"

ఫిబ్రవరి 12

రేడియోకు రోగం వస్తే వైద్యుడూ రేడియోనే. ట్రాన్సిస్టరు మూత తీస్తే లోపల నల్లటి కడ్డీ ఒకటి కనిపిస్తుంది, ఫెర్రైట్ కడ్డీ. దానికి చుట్టిన సన్నని రాగి తీగే మీడియం వేవ్ యాంటెన్నా. కడ్డీ నడుము స్టేషను వైపు ఉంటే గట్టిగా వింటుంది, మొన చూపితే చెవుడొస్తుంది. చిన్నప్పుడు రేడియోను గుండ్రంగా తిప్పి తిప్పి పెట్టేవాళ్లం కదా, ఎందుకో తెలియకపోయినా చేసిన పని సరైనదే.

బ్యాటరీలు వేసి, స్టేషన్లేవీ లేని చోట ముల్లు పెట్టి, ఇల్లంతా తిరిగినాను. నట్టింట్లో ఓ మాదిరి రొద. గోడ దగ్గరికి పోతే పెరిగింది. గోడ పొడవునా పోతుంటే, లోపల పైపులో కరెంటు తీగె ఏ దారిన పోయిందో ఆ దారంతా రేడియో అరుస్తూ చూపించింది. ఇల్లు కట్టినప్పుడు ఎలక్ట్రీషియను గీయని పటం ఇప్పుడు తెలిసింది. మీటరు బోర్డు దగ్గర ఒక అరుపు. వంటింటి బోర్డు దగ్గర ఇంకొకటి, అక్కడ నెట్‌కు సంబంధించినదేమీ లేదు. ముల్లు 900 మీదికి తిప్పి, వీధిలోకి వచ్చి పది అడుగులు వేస్తే కడప మళ్లీ పలికింది.

చివరికి రౌటర్ దగ్గరికి తెచ్చినాను. పెట్టె పక్కన మామూలు రొద. దాని కరెంటు అడాప్టర్, ఆ నల్లటి డబ్బీలాంటిది, గోడకు గుచ్చి ఉంటుందే, దాని దగ్గర పెడితే చెవులు పోయినంత పని అయింది. పీకితే కడప. గుచ్చితే రంపం.

అంటే ఆ పిడికెడు అడాప్టర్ ఇంటి వైరింగ్ మొత్తాన్ని యాంటెన్నాగా వాడుకుంటోంది. గాలిలో వచ్చేదైతే దూరం జరిగి తప్పించుకోవచ్చు. ఇది ప్రతి గదిలోనూ ప్లగ్గు దాకా వచ్చి కూర్చుంది.

ఫిబ్రవరి 15

మైక్‌సెట్ భాయ్ అంగడి. ఉరుసులకూ, పెళ్లిళ్లకూ, రామనవమికీ ఈ చుట్టుపక్కల గొంతు ఆయనదే. బల్లమీద విప్పిన అహూజా యాంప్లిఫైయరు, గోడకు తగిలించిన మైకు బూరలు, టంకం పొగ. అడాప్టర్ చేతికిచ్చినాను. బరువు చూసి నవ్వినాడు. "సార్, దీంట్లో సామానుంటే ఇంత తేలిగ్గా ఉండదు సార్."

అతుకు మీద కత్తి పెట్టి తట్టి రెండు చిప్పలుగా విప్పినాడు. లోపల అగ్గిపెట్టెంత బోర్డు. కరెంటు లోపలికి వచ్చే చోట బోర్డుమీద తెల్లటి అక్షరాలతో అచ్చు వేసి ఉంది: ఎల్1, సీఎక్స్1. ఎల్1 అంటే ఒకే ఫెర్రైటు మీద రెండు చుట్లు వేసిన చోకు ఉండాల్సిన చోటు. అక్కడ చోకు లేదు, కత్తిరించిన రెండు తీగె ముక్కలు అడ్డంగా వేసి టంకం పెట్టినారు. సీఎక్స్1 దగ్గర ఒక పెట్టెలాంటి కెపాసిటర్ ఉండాలి. రెండు ఖాళీ బెజ్జాలు. బోర్డు గీసినవాడికి అన్నీ తెలుసు, తయారు చేసినవాడికి లెక్క తెలుసు. ఆ రెండూ లేకపోయినా 12 వోల్టులు వస్తాయి, రౌటర్ వెలుగుతుంది, కొన్నవాడికి ఏ లోటూ కనబడదు.

ఈ అడాప్టర్ పెట్టెతో వచ్చింది కాదు. దాంతో వచ్చింది రెండు రోజులకే పోతే, బిగించడానికి వచ్చిన కుర్రోడు సంచిలోంచి తీసి ఇచ్చి పోయినది.

ఫిబ్రవరి 16

మనవడికి అర్థమయ్యేట్టు చెప్పాలని కూర్చుంటే నాకే బాగా అర్థమయింది. పాత అడాప్టర్‌లో ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. సెకనుకు 50 సార్లు ఊగే కరెంటును అది ఉన్నదున్నట్టు తీసుకుని తగ్గించేది, అందుకే అంత బరువు. ఇప్పటిది ముందు కరెంటును డీసీ చేసి, ఆ తర్వాత సెకనుకు వేలసార్లు తెంచి తెంచి కలుపుతుంది. ఎంత తొందరగా తెంచితే ట్రాన్స్‌ఫార్మర్ అంత చిన్నదైతే సరిపోతుంది. అంతా బాగానే ఉంది గానీ, ప్రతి తెంపుకీ ఒక విసురు పుడుతుంది.

సెకనుకు 60 వేలసార్లు తెంచితే రొద 60 కిలోహెర్ట్జ్‌లతో ఆగదు. 120, 180, 240 అలా మెట్లు మెట్లుగా పైకి పోతుంది. పదిహేనో మెట్టు సరిగ్గా 900.

మనవడు: "అయితే పదహారో మెట్టు?" 960. "అక్కడ ఏ స్టేషనుంది తాతా?" వాడికి ఎక్కం వచ్చింది, నాకు అది చాలు.

నిజానికి మెట్లు అంత కుదురుగా ఉండవు. వేడికీ, రౌటర్ లాగే కరెంటుకీ తెంపుల వేగం మారిపోతుంది. మేడమీద మీటింగు మొదలైతే గుర్రు గొంతు మార్చేది అందుకే.

మార్చి 4

రంజాన్ నెల. తెల్లవారుజామున సహరీ వేళ చెప్పే మైకులో టిక్‌టిక్‌మని వస్తోందని భాయ్‌ని పిలిచినారంట. పోయి చూస్తే ఎవరో యాంప్లిఫైయరు నెత్తిన వైఫై పెట్టె పెట్టి పోయినారు. వైఫై పెట్టె "నేనున్నా" అని సెకనుకు దాదాపు పదిసార్లు కూత వేస్తుంది. మరీ నెత్తిమీద ఉంటే ఆ కూత బలానికి యాంప్లిఫైయరు మొదటి మెట్టులోని ట్రాన్సిస్టర్ లొంగిపోయి దాన్ని టిక్కుగా మారుస్తుంది. "ఏం చేసినావు భాయ్?" అంటే, "మూరెడు పక్కకు జరిపినా సార్, డబ్బులు అడగడానికి కూడా మొహం చెల్లలే."

గాలిలో వచ్చే రోగానికి మందు దూరం. అల్లుడు చెప్పిన వైఫై తరంగాల వాదం ఈ ఒక్క చోట గెలిచింది.

పాత జీఎస్ఎం ఫోన్లు గుర్తొచ్చినాయి. ఫోను మోగడానికి ముందే పక్కన ఉన్న స్పీకరు "టటట్టట్ట టటట్ట" అనేది. ఫోను తన వంతు వచ్చినప్పుడల్లా సెకనుకు 217 సార్లు చొప్పున సిగ్నలు విసిరేది. విసురు మన చెవికి అందని గిగాహెర్ట్జ్ లెక్కలోదే అయినా, ఆ 217 మాత్రం చక్కగా వినపడేది. కొత్త ఫోన్లలో ఆ తంతు లేదు. పిల్లలకు చెప్పినా నమ్మరు.

మార్చి 11

అసలు పని ఇది. మా అవ్వ పాడిన పాటలు, మా ఊరి చెక్కభజన, రెండు హరికథలు క్యాసెట్లలో ఉన్నాయి. రిబ్బను జిగురెక్కక ముందే కంప్యూటరులోకి ఎక్కించాలి. డెక్కు, యాంప్లిఫైయరు, అల్లుడి ల్యాప్‌టాపు. తీగెలన్నీ కలిపి హెడ్‌ఫోను పెట్టుకుంటే అవ్వ గొంతు కింద గుమ్మ్‌మని మోత.

మోతల్లో జాతులుంటాయి. లావుగా, ఛాతీలో తగిలేది 50 హెర్ట్జ్‌లది. తీగెల కలయికలో తప్పు, ఎర్త్ చుట్టు తిరిగిందని అర్థం. కొంచెం పదునుగా జర్‌మనేది 100ది. అది యాంప్లిఫైయరు లోపల ఫిల్టరు కెపాసిటర్లు ముసలివయినాయని. వీటిపైన సన్నగా కీచుమనేది తెంపుడు అడాప్టర్లది. నాకు మొదటిదీ మూడోదీ కలిసి వచ్చినాయి.

ల్యాప్‌టాపు చార్జరు పీకి బ్యాటరీ మీద నడిపితే లావు మోత సగానికి సగం పోయింది. మిగతాది వెతికితే రౌటర్ నుంచి ల్యాప్‌టాపుకు వచ్చే లాన్ కేబుల్ దగ్గర తేలింది. అల్లుడు మంచిదని ఎక్కువ డబ్బులు పెట్టి తెచ్చినది, రెండు మొనలకీ లోహపు తొడుగు, లోపల రేకు చుట్టు. మామూలు లాన్ కేబుల్ రెండు పెట్టెలనూ ఎర్త్‌తో కలపదు. ప్రతి పోర్టు లోపలా మినపగింజంత ట్రాన్స్‌ఫార్మర్లు ఉండి రెండువైపులనూ విడదీస్తాయి. ఈ లోహపు తొడుగు మాత్రం పెట్టెకూ పెట్టెకూ వంతెన కట్టేసింది. అంగడిలో దొరికే చవకరకం, రేకు లేనిది వేస్తే అవ్వ గొంతు ఒంటరిగా వినబడింది. ఎక్కువ ధర పెట్టిన సామాను వల్ల రొద, తక్కువ ధరదానితో పరిష్కారం. అల్లుడు ఈ మాటకు నవ్వలేదు.

ఇంకో మాట రాసుకోవాలి. వీధి నుంచి ఇంట్లోకి వచ్చేది ఫైబరు, గాజు తీగె. దాంట్లోంచి మోత రాదు. ఒకప్పుడు కేబుల్ టీవీ రాగి తీగె స్తంభం మీది ఎర్త్‌ను నేరుగా మన యాంప్లిఫైయరు లోపలికి మోసుకొచ్చేది. ఆ లెక్కన నెట్ మనకు మేలే చేసింది.

మార్చి 15

భాయ్ కొలిచి చూపించినాడు. మల్టీమీటరు ఒక ముల్లు న్యూట్రల్లో, ఒకటి ఎర్త్ బెజ్జంలో. ఉండాల్సింది ఒకటి రెండు వోల్టులు. చూపించింది దాదాపు నలభై. ఎర్త్ గుంత ఎప్పుడు తడిపినారని అడిగినాడు. ఇల్లు కట్టినప్పుడు ఉప్పు, బొగ్గు వేసి పూడ్చినదే, ఆ తర్వాత ఎవరూ దానివైపు చూడలేదు.

మాది నల్లరేగడి. వానాకాలం జిగురుగా కడ్డీని పట్టుకుంటుంది, ఎండాకాలం బీటలు పడి వదిలేస్తుంది. భూమిలోకి దిగిన కడ్డీ చుట్టూ బెత్తెడు గాలి ఉంటే అది ఎర్త్ కాదు, పాతిపెట్టిన ఇనుము. బిందెలతో నీళ్లు పోసినాం. సాయంత్రానికి మీటరు దిగింది, యాంప్లిఫైయరు పైరేకు మీద చెయ్యి పెడితే జుమ్మనడం కూడా ఆగింది. రెండు పిన్నుల అడాప్టర్లలో రొద తగ్గించడానికి పెట్టే చిన్న కెపాసిటర్ గుండా కాస్త కరెంటు కారుతుంది, సరైన ఎర్త్ దొరక్క అది రేకు మీద తిరుగుతుంది.

రొద పోవాలని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లను ఎంతోమందిని చూసినా. మోత పోతుంది. ఎప్పుడో ఒకనాడు లోపల తీగె తెగి రేకుకు తగిలితే, మైకు పట్టుకున్న మనిషి పోతాడు. భాయ్ అంగడిలో విరిచిన పిన్నుతో ఏ సెట్టు వచ్చినా, ముందు ప్లగ్గు మార్చినాకే మూత విప్పుతాడు. ఇట్లాంటివాళ్లకు సన్మానాలు చేయరు.

మార్చి 22

అల్లుడి స్నేహితుడు మేడమీదికి నెట్ సరిగ్గా అందడం లేదని రెండు పెట్టెలు పంపినాడు. కింద ఒకటి ప్లగ్గులో, పైన ఒకటి ప్లగ్గులో. కరెంటు తీగెలమీదే నెట్ పోతుంది. తెలివైన పనే. మీడియం వేవ్‌కు ఏమీ కాలేదు, ఎందుకంటే ఇది దాదాపు 2 నుంచి 28 మెగాహెర్ట్జ్‌ల మధ్య నడుస్తుంది. షార్ట్‌వేవ్ దాదాపు మొత్తం అందులోనే ఉంది. 41 మీటర్లు, 31 మీటర్లు, అన్నిచోట్లా వేరుశనక్కాయలు వేయిస్తున్న చప్పుడు. హ్యామ్ రేడియోవాళ్లు గొడవ చేసి తమ బ్యాండ్ల దగ్గర మాత్రం ఖాళీలు వదిలించుకున్నారు. షార్ట్‌వేవ్ శ్రోతలకు ఆ పాటి సంఘం లేదు.

పీకించేసి, మేడకు మామూలు లాన్ కేబుల్ లాగించినాం. గోడకు బెజ్జం పడిందని ఇంటామెకు కోపం.

మార్చి 30

ఉగాది. రౌటర్ అడాప్టర్ పీకి పెట్టి, పంచాంగ శ్రవణం రొద లేకుండా విన్నాం. నా రాశికి ఆదాయం కంటే వ్యయమే ఎక్కువ, అది రేడియో తప్పు కాదు.

ఏప్రిల్ 7

నిన్న నవమి. పందిట్లో భజన నడిచినంతసేపూ భాయ్ సెట్టులో చిన్న గుయ్యి కూడా లేదు, పక్క వీధిలో సీసీ కెమెరాల పెట్టెలు అన్ని ఉన్నా. కారణం చెప్పినాడు. మైకు నుంచి వచ్చే తీగెలో రెండు పోగులు, పైన అల్లిక. పాట ఒక పోగులో సూటిగా, ఇంకో పోగులో తిరగేసి పోతుంది. దారిలో రొద తగిలితే రెండు పోగులకూ సమానంగా తగులుతుంది. చివర్లో యాంప్లిఫైయరు ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే పాట మిగులుతుంది, రొద సున్నా. ఫోను నుంచి పాటలు పెట్టడానికి వాడే సన్న పిన్ను తీగెకు ఈ ఏర్పాటు లేదు. అందుకే పెళ్లిళ్లలో రికార్డులు వేసేటప్పుడు మోత, పంతులు మంత్రాలకు మోత లేదు.

ఏప్రిల్ 12

మన కథకు తిరగేసిన కథ ఒకటి. వేల్స్‌లో అబెర్‌హోసన్ అనే చిన్న పల్లె. ఏడాదిన్నర పాటు రోజూ పొద్దున ఏడింటికి ఊరందరి బ్రాడ్‌బ్యాండూ పడిపోయేది. కేబుళ్లు మార్చినారు, ఫలితం లేదు. చివరికి ఇంజనీర్లు రొద పసిగట్టే పరికరం పట్టుకుని తెల్లవారుజామున వానలో వీధులు తిరిగితే, ఒక ఇంట్లోని పాత టీవీ దగ్గర అది అరిచింది. పొద్దున్నే ఆ ఇంటివాళ్లు టీవీ పెట్టగానే దాని విసురుకు ఊరి నెట్ మొత్తం చచ్చేది. 2020 సెప్టెంబరులో లోకమంతటికీ తెలిసింది. ఆ ఊరికి వచ్చేవి రాగి తీగెలు. నెట్ రేడియోను చెడగొడితే ఎవరూ ఇంజనీర్లను పంపరు. టీవీ నెట్‌ను చెడగొడితే పంపుతారు. ఎవరి మోత ఎవరికి రొద అన్నది డబ్బు ఎటువైపుందో చూసి తేలుతుంది.

ఏప్రిల్ 26

ఎండ. రౌటర్ బీరువా మీద, పైకప్పు వేడి దాని నెత్తినే. అడాప్టర్ లోపలి కెపాసిటర్లలో తడి ఉంటుంది, పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఒక లెక్క. అంటే చలిదేశంలో పదేళ్లు నిశ్శబ్దంగా బతికే అడాప్టర్, మా దగ్గర రెండు మూడు వేసవులకు పొట్ట ఉబ్బి గుర్రుమంటుంది. మంచి అడాప్టర్ కూడా ఇక్కడ చెడ్డదవుతుంది. పెట్టెను కిందికి, గాలి తగిలే అలమారలోకి దించినాం.

భాయ్ ఇంకో ఉపాయం చేసి ఇచ్చినాడు. ఇనుప ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, లావుపాటి కెపాసిటర్, అల్యూమినియం రేకుకు బిగించిన 7812 రెగ్యులేటరు. పాత పద్ధతి అడాప్టర్. ఇటుక బరువు, తాకితే వెచ్చగా ఉంటుంది, కరెంటు కొంత వృథా. 900 మాత్రం శుభ్రం. ఇంటామె దాన్ని చూసి, "ఇదేంది, ఇస్త్రీ పెట్టెకు కాళ్లు తీసేసినారా?" అంది.

మే 5

ఈ గొడవకు చట్టం లేదనుకోకండి. రేడియో వినేవాళ్లను యంత్రాల రొద నుంచి కాపాడడానికి 1934లోనే పారిస్‌లో సీఐఎస్‌పీఆర్ అనే అంతర్జాతీయ సంఘం పెట్టినారు. ఇళ్లలో వాడే పరికరం కరెంటు తీగెలోకి వదిలే రొద మీడియం వేవ్ ప్రాంతంలో ముప్పావు మిల్లీవోల్టుకు కూడా చేరకూడదని వాళ్ల లెక్క. ఎల్1, సీఎక్స్1 పెట్టేది ఆ హద్దు దాటకుండా ఉండడానికే.

మన దగ్గర అడాప్టర్ మీద కనిపించే బీఐఎస్ ముద్రను చూసి చాలామంది అన్నీ సరిగ్గా ఉన్నాయనుకుంటారు. దాని పక్కన ఉండే ఐఎస్ 13252 భద్రతకు సంబంధించిన ప్రమాణం. షాకు కొట్టకూడదు, అంటుకోకూడదు. అది అవసరమే. రేడియో వినబడుతుందా లేదా అన్నది ఆ ముద్ర చెప్పదు. నెట్ కుర్రోడి సంచిలోని సరుకుకు అసలు ఏ ముద్రా లేదు.

మీడియం వేవ్ వినేవాళ్లు తగ్గిపోయినారు కాబట్టి స్టేషన్లు దండగ అనేవాళ్లున్నారు. వినలేక మానుకున్నవాళ్లను, వద్దనుకుని మానుకున్నవాళ్లను ఒకే లెక్కలో వేస్తే ఇట్లాంటి తీర్పే వస్తుంది. ప్రతి ఇంట్లో నాలుగు తెంపుడు అడాప్టర్లు, పది ఎల్ఈడీ బల్బులు పెట్టి, రేడియో పాడైపోయిందని అంటే ఎలా?

మే 6

ఈ రాతలు ఎవరైనా చదివితే వాళ్లకు ఒక మాట. రౌటర్‌కు కొత్త అడాప్టర్ కొనేటప్పుడు అంగడికి ఒక చిన్న ట్రాన్సిస్టరు తీసుకుపోండి. స్టేషను లేని చోట మీడియం వేవ్ ముల్లు పెట్టి, అడాప్టర్‌ను ప్లగ్గులో గుచ్చి రౌటర్‌నో, అలాంటిదే ఇంకో పెట్టెనో దానికి తగిలించమనండి, ఉత్తదైతే నిజం చెప్పదు. జానెడు దూరంలో రేడియో పట్టుకోండి. గట్టిగా అరిస్తే ఆ అడాప్టర్ తిరిగి ఇచ్చేసి ఇంకోటి అడగండి.